నూటికి డెబ్బై ఎనిమిది

లోర్నా హిల్టునెన్ జీవితాన్ని రెండు పరీక్షలు నడిపించాయి. మొదటిది ముప్పయ్యో ఏట కోర్టు వెనక గదిలో కూర్చుని తనే రాసింది. నూటికి తొంభై ఒకటి వచ్చాయి. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి ఉద్యోగంలో కూర్చోబెట్టారు. రెండోది ఆమె రాయలేదు. ఆమె బదులు కూతురు రాసింది, తల్లి వంటింట్లోనే, తల్లి కాచిన కాఫీ తాగుతూ, ఫోన్లో. దాంట్లో డెబ్బై ఎనిమిది వచ్చాయి. బళ్ళో లెక్కల్లో ఏనాడూ యాభై దాటని మనిషికి అవి మంచి మార్కులే. కాకపోతే ఆ పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళు మనుషుల కింద జమ కాదు.

మిషిగన్ ఉత్తర కొసన ఉన్న మా కౌంటీలో ఎవరికే ఆపద వచ్చినా తొమ్మిది ఒకటి ఒకటి నొక్కుతారు. ఆ ఫోను షెరీఫ్ ఆఫీసు నేలమాళిగలో మోగుతుంది. అక్కడ కిటికీ లేని గదిలో రెండు కుర్చీలు, ఆరు తెరలు, ఒక అట్టల పెట్టె ఉంటాయి. గుండె ఆగితే ఒక అట్ట, కాన్పు వస్తే ఒక అట్ట, ఇల్లు తగలబడితే ఒక అట్ట. దాని మీద ఏది రాసుంటే అదే చదవాలి. సొంత మాట ఒక్కటీ కలపకూడదు. ఓదార్చకూడదు, ఏడవకూడదు, ‘కంగారు పడకండి’ అని అసలే అనకూడదు. ఆ మాట అంటే జనం ఇంకా కంగారు పడతారు. అన్నిటికన్నా ముందు అడగాల్సింది అడ్రసు. లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు. అడ్రసు చేతిలో ఉంటే మనిషి పేరు తెలియకపోయినా బండి పంపొచ్చు. పేరూ ఊరూ గోత్రమూ అన్నీ తెలిసి అడ్రసు తెలియకపోతే చేతులు కట్టుకుని కూర్చోవడమే.

ఇరవై ఆరేళ్ళుగా లోర్నా ఆ ప్రశ్నే అడుగుతోంది. దానికి తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. మొగుడు చస్తుంటే అడ్రసేంటే రాక్షసీ అన్నవాళ్ళున్నారు. ఆమె ‘తెలుసండీ. అడ్రసు చెప్పండి’ అనేది. ఆ గొంతు మా ఊళ్ళో సగం మందికి తెలుసు, మొహం తెలియదు. ఒకసారి మాంసం కొట్లో నిలబడి రెండు పౌన్ల సాసేజీ ఇమ్మని అడిగితే, తూచే ఆవిడ ఆ గొంతు విని చేతిలోది కింద పెట్టేసి వలవల ఏడ్చింది. మూడేళ్ళ కిందట ఆవిడ కొడుకు చెరువు మంచు విరిగి పడిపోయినప్పుడు ఫోన్లో ఉన్నది లోర్నాయే. ఆ పిల్లాడు బతికాడో లేదో లోర్నాకి ఆ రోజు కొట్లోనే తెలిసింది. బతికాడు. లైను కట్టయ్యాక కథ ఏమైందో ఆ గదిలో వాళ్ళకి ఎవరూ చెప్పరు.

ఏడేళ్ళ కిందట మార్చి నెలలో ఒక మధ్యాహ్నం లోర్నా భర్త రైనో పడిపోయాడు. మా వైపు ప్రతి ఇంటికీ అడవిలో ఒక చెక్క గది ఉంటుంది, దాన్ని క్యాంపు అంటారు. చలికాలమంతా దాని కప్పు మీద మంచు దింపకపోతే కూలిపోతుంది. ఆ పొద్దున రైనో, రోడ్డు మీద మంచు తీసి ఉంటే క్యాంపుకి వెళ్తాను, లేకపోతే ఇంటి కప్పే దింపుతాను అన్నాడు. సరేనని లోర్నా ఆరింటికల్లా డ్యూటీకి వెళ్ళిపోయింది. కాలేజీ సెలవులకి ఇంటికొచ్చిన కూతురు బ్రిటా ఇంకా నిద్ర లేవలేదు. అప్పటికి దానికి ఇరవై ఒకటి.

రెండు దాటాక ఫోను మోగింది. పక్క కుర్చీలో డ్వేన్ వేరే కాల్‌లో ఉన్నాడు. లోర్నా తీసింది. తెర మీద సెల్ టవరు పేరొక్కటే వచ్చింది. ఆ టవరు కిందికి ఇల్లూ వస్తుంది, క్యాంపూ వస్తుంది.

"ఎమర్జెన్సీ. అడ్రసు చెప్పండి."

"అమ్మా, నాన్న పడిపోయాడు, పలకట్లేదు—"

"అడ్రసు చెప్పండి."

"అమ్మా నేనే, బ్రిటా!"

"ఎక్కడున్నారు? అడ్రసు చెప్పండి."

క్యాంపు అని అరిచింది బ్రిటా. లోర్నా బండి పంపింది. గుండె ఆగిన అట్ట తీసింది. దాని మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. మేడమ్, ఆయన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మేడమ్, ఛాతీ మధ్య చేతి మీద చెయ్యి పెట్టండి. గట్టిగా నొక్కండి, నేను లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పదిహేడు నిమిషాలు అలా లెక్కపెట్టింది, గొంతు ఎక్కడా తొణకలేదు. అటు వైపు కన్నకూతురు కన్నతండ్రి రొమ్ము మీద వాలి నొక్కుతూ ఉంది. బండి వచ్చింది. లైను తెగింది. వెంటనే ఇంకో లైను వెలిగింది, ఎవరి ఇంటి పొగగొట్టమో అంటుకుంది. లోర్నా అదీ తీసుకుంది. బదులు మనిషి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది, ఆ నలభై నిమిషాలూ ఆమె కుర్చీలోనే ఉంది. ఆసుపత్రికి వెళ్ళేసరికి రైనో మొహం మీద దుప్పటి కప్పేశారు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింద గదిలో భోజనాలప్పుడు లోర్నా కాఫీ కెటిలు పట్టుకుని అందరికీ పోసింది, ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. తాతల నాడు ఫిన్లండ్ నుంచి వచ్చిన మావాళ్ళలో అది వింత కాదు. గట్టి మనిషి అని మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక కూతుర్ని ‘తిన్నావా?’ అని అడిగింది. మర్నాడూ అదే అడిగింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇరవై ఏళ్ళపాటు దిక్కుగా నిలిచిన గొంతుకి, పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకున్న పిల్లతో అనడానికి ఆ ఒక్క మాటే దొరికింది. తప్పెవరిదని అడిగితే ఈ ముక్క దగ్గర లోర్నాదే అంటాను. అట్ట లేకపోతే ఆమెకి మాట రాదు.

బ్రిటాకి సాయం కావాలి. అది నిజం, దాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యడానికి లేదు. అయితే మా వైపు మనసు డాక్టరు ఒక్కరే, ఆవిడా నెలకి రెండు రోజులే వస్తుంది. బ్రిటా పేరు రాయించుకుంటే ఐదు నెలలకి వరస వచ్చింది. ఆ రోజు మంచు తుఫాను, దారి మూసేశారు. మళ్ళీ రాయించుకుంటే ఇంకో ఐదు నెలలన్నారు. ఫోన్లో పరీక్ష రాస్తే జబ్బు పేరు ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

అలా మొదలైంది. మొదటి ఏడు బ్రిటాకి ధ్యాస నిలవని జబ్బు వచ్చింది. రెండో ఏడు దానికి ఇంకో రెండు తోడయ్యాయి. మూడో ఏడు, పెళ్ళయి రెండు గంటల దూరంలో పెద్ద ఊరికి కాపురం వెళ్ళాక, చేతివేళ్ళు చాలలేదు. భర్త దుంగల లారీ నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పిల్ల పుట్టింది, ఇల్సా అని పేరు పెట్టారు. పిల్లకి పాలిస్తూ బ్రిటా పరీక్షలు రాసేది. ఏ పరీక్షా ఆమెను ఫెయిల్ చెయ్యలేదు. తనలాంటి వాళ్ళు వేలమంది ఫోన్లో కలిశారు. పొద్దున లేస్తూనే పలకరించుకోవడానికి వాళ్ళకి జబ్బుల పేర్లే చుట్టరికం. తన జబ్బులన్నీ తేలిపోయాక చుట్టూ ఉన్నవాళ్ళవి తేల్చడం మొదలైంది. పక్కింటాయనది ఒక జబ్బు, పాత బాసుది ఒక జబ్బు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వ్యవహారం. చివరికి ఆ రోకలి తల్లి నెత్తిన పడింది.

శనివారాలు బ్రిటా పిల్లని తీసుకుని తల్లి దగ్గరికి వచ్చేది. లోర్నాకి వారం అంటే ఆ శనివారమే, తక్కిన ఆరూ దానికోసం ఎదురుచూపు. ఇల్సాకి నాలుగేళ్ళు నిండాయి. దానికి దాగుడుమూతలు తప్ప ఇంకో ఆట లేదు. అది దాక్కోవాలి, అమ్మమ్మ లెక్కపెట్టాలి. అక్కడే చిక్కు వచ్చింది. లోర్నా కళ్ళు మూసుకునేది, పెదాలు కదిపేది, కానీ అంకెలు పైకి రావు. రైనో పోయినప్పటి నుంచి ఆమె నోట పైకి ఒకటి, రెండు రాలేదు. పనిలో గుండె ఆగిన అట్ట తియ్యాల్సి వస్తే ఆ కాల్ డ్వేన్‌కి మళ్ళిస్తుంది. ఆ సంగతి డ్వేన్ ఒక్కడికే తెలుసు, అతనూ ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

"పైకి లెక్కపెట్టు అమ్మమ్మా. లేకపోతే నువ్వు వస్తున్నావని నాకెలా తెలుస్తుంది?" అనేది ఇల్సా. లోర్నా బల్ల మీద వేళ్ళతో తట్టేది. పిల్ల తలుపు వెనక దాక్కుని, కాసేపటికి విసుగొచ్చి తనే బయటికి వచ్చేది. వెళ్ళి తల్లితో అమ్మమ్మకి ఆట రాదని చాడీ చెప్పేది.

ఒక శనివారం లోర్నా పేస్టీలకని దుంపలు తరుగుతోంది. మాంసం, దుంపలు కూరి కజ్జికాయల్లా మడిచి కాలుస్తారు, ఇల్సాకి ప్రాణం. బ్రిటా బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో ఏదో నొక్కుతోంది.

"అమ్మా, ఒకటడుగుతా, నిజం చెప్తావా?"

"అడుగు."

"ఫోన్లో అవతల మనిషి చచ్చిపోతుంటే నీకేమీ అనిపించకపోవడం ఎప్పుడైనా జరిగిందా?"

లోర్నా కత్తి ఆపి ఆలోచించింది. "జరిగింది."

"ఒకసారా, చాలాసార్లా?"

"చాలాసార్లు."

అప్పుడేమీ అనిపించదు, మూడు రోజులు పోయాక సబ్బుల కొట్లో బుట్ట అక్కడే వదిలేసి బయటికి వచ్చేస్తాను అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ గదిలో ఇరవై ఆరేళ్ళు పని చేసిన మనిషికి, అడిగిన దానికి అడిగినంతే జవాబు. కథలు చెప్పేవాళ్ళని ‘అవునా కాదా చెప్పండి’ అని రోజూ తనే ఆపుతుంది. అబద్ధం చెప్పడానికి ఎంత కష్టపడాలో, నిజం ఇంకాస్త పొడిగించడానికి ఆమెకి అంత కష్టం. పైగా అడుగుతున్నది కూతురు. ఏడేళ్ళలో మొదటిసారి తన పని గురించి అడిగిందని లోపల సంతోషం కూడా. బ్రిటా ఇంకా అడిగింది. ఎవరైనా ఏడిస్తే నీ పని ఆగుతుందా? ఆగదు. ఎదుటివాళ్ళు నువ్వు చెప్పినట్టు చెయ్యాలని గొంతు మార్చి మాట్లాడతావా? మాట్లాడతాను, అదే నా పని. తక్కినవి బ్రిటా అడక్కుండానే నింపుకుంది, ఆటల్లో కలవకపోవడం, భర్త పోయిన పూట పని మానకపోవడం.

"డెబ్బై ఎనిమిది," అంది చివరికి.

"దేనికి?"

"నీకు."

"పాసయ్యానా?" అని లోర్నా నవ్వింది.

బ్రిటా నవ్వలేదు. ఫోన్ తిప్పి చూపించింది. ఎర్రటి గీత, దాని పక్కన సైకోపతీ అన్న మాట. లోర్నాకి ఆ మాట వార్తల్లోనే తెలుసు, మనుషుల్ని చంపి పాతిపెట్టేవాళ్ళ గురించి వాడతారు. అదేదో ఆటనుకుంది. పేస్టీలు కాలాయి, తిన్నారు, ఇల్సా చేతి తొడుగులు మరిచిపోయి వెళ్ళింది. రెండు వారాల తర్వాత మెసేజి వచ్చింది. తన మనసుకీ ఇల్సాకీ భద్రత ముఖ్యమని, ఇక రాకపోకలు వద్దని, ఫోన్ చెయ్యొద్దని, దీన్ని గౌరవించమని. మెసేజి కింద డెబ్బై ఎనిమిది ఉన్న ఎర్ర గీత మళ్ళీ అంటించి ఉంది, కోర్టు కాగితానికి ముద్రలాగా.

రైనో చెల్లెలు ఐలీ ఈ సంగతి విని మండిపడింది. ఐలీకి నోరెక్కువ, మనసు మంచిది. వదినని కూర్చోబెట్టి అదే పరీక్ష రాయించింది. లోర్నా ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివి, అట్ట మీద వేలు పెట్టినట్టు తెర మీద వేలు పెట్టి రాసింది. పదమూడు వచ్చాయి. ఐలీ దాన్ని ఫొటో తీసి మేనకోడలికి పంపింది. నిమిషంలో జవాబు వచ్చింది: అలాంటివాళ్ళు పరీక్షల్లో అబద్ధాలు రాస్తారని అందరికీ తెలుసు అత్తా. ఎక్కువొస్తే రోగం, తక్కువొస్తే అబద్ధం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మూడు శనివారాలు చూసి లోర్నా తొడుగులు తీసుకుని బయల్దేరింది. రెండు గంటలు కారు నడుపుతూ చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంది. బ్రిటా తలుపు సగం తీసి నిలబడింది. లోపల టీవీలో బొమ్మల పాట వినిపిస్తోంది, ఇల్సా కనపడలేదు.

"ఆ రోజు అడ్రసు ఎందుకడిగానో నీకు చెప్పాలి," అంది లోర్నా.

"చెప్పు."

"మీ నాన్న క్యాంపుకి వెళ్ళాడో లేదో నాకు తెలీదు. మీరు ఇంట్లోనే ఉన్నారనుకున్నాను. అడక్కపోతే బండి ఇంటికి పంపేదాన్ని. పద్నాలుగు మైళ్ళు అటు."

బ్రిటా మొహంలో ఏదో కదిలింది. ఒక్క క్షణం అది ఇరవై ఒక్కేళ్ళ పిల్ల మొహమే. లోర్నాకి ఆశ పుట్టింది.

"ఇది నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఆ రోజు నుంచీ."

"ఏడేళ్ళు. నేను ఏడేళ్ళు... మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

లోర్నా నిజం చెప్పింది. "నువ్వు అడగలేదు."

బ్రిటా తలాడించింది, చాలాసేపు ఆడించింది. "ఇదే అమ్మా. సరిగ్గా ఇదే. నీ దగ్గర అన్నిటికీ సమాధానం ఉంటుంది. మనిషే ఉండదు." చెయ్యి చాపి తొడుగులు తీసుకుని తలుపు వేసింది. నీకు చెప్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుందని చెప్పలేదు అన్న మాట లోర్నాకి ఇంటి దారిలో, సగం దూరం వచ్చాక తోచింది. అప్పటికి ఆ మాటతో ఎవరికీ పని లేదు.

ఏప్రిల్లో డ్వేన్ ఆమెని పక్కకి పిలిచాడు. రైనో పోయిన రోజు కాల్ రికార్డింగు కావాలని బ్రిటా అడిగిందట. ఫోన్ చేసినవాళ్ళు అడిగితే ఇవ్వక తప్పదు, ఇచ్చేశారు. ఇంకో సంగతి కూడా చెప్పాడు, చెప్పడానికి నేల చూపులు చూశాడు. పేర్లు తీసేసి ప్రతి ఏడూ కొత్తగా చేరినవాళ్ళకి ఆ కాలే పాఠంగా వినిపిస్తున్నాడట. "ఇంతకంటే బాగా ఎవరూ చెయ్యలేరు లోర్నా," అన్నాడు. అతను మెచ్చుకున్నానే అనుకున్నాడు. బండివాళ్ళ గొంతు వినపడగానే అక్కడ ఆపేస్తాడట, తర్వాత పాఠమేమీ లేదు కనక.

లోర్నా ఆ రికార్డింగు ఏనాడూ వినలేదు. వారం తిరక్కుండా ఐలీ ఇంట్లో, ఐలీ ఫోన్లో విన్నది. బ్రిటా వీడియో పెట్టింది. కంప్యూటరు ముందు కూర్చుని, నాన్న చచ్చిపోతుంటే మా అమ్మ ఎలా మాట్లాడిందో మీరే వినండి అంటూ మొదటినుంచీ వినిపించింది. చూసినవాళ్ళు నలభై వేలమంది. వద్దు వదినా, మూసేస్తాను అంది ఐలీ. ఉండనీ అంది లోర్నా.

అడ్రసు చెప్పండి. అడ్రసు చెప్పండి. మేడమ్. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లోర్నా తన గొంతుని తనే, మాంసం కొట్లో ఆవిడ విన్నట్టు, పరాయిదానిలా విన్నది. ఎంత చలనం లేకుండా ఉందో ఆ గొంతు. కూతురిది తప్పనడానికి లేదనిపించింది. పదిహేడో నిమిషంలో బూట్ల చప్పుడు, మగాళ్ళ మాటలు, ఫోను నేల మీద పడిన చప్పుడు. అక్కడితో లైను తెగిందని ఏడేళ్ళుగా లోర్నా అనుకుంటోంది. తెగలేదు. ఫోను నేల మీద అలాగే ఉంది. బ్రిటా బండివాళ్ళ వెంట బయటికి పరిగెత్తింది. ఖాళీ గదిలో లోర్నా గొంతు ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూనే ఉంది. నొక్కేవాళ్ళు లేరు. వినేవాళ్ళు లేరు. నిమిషం పైన అలా లెక్కపెట్టి, ఒకచోట రెండు అని మూడు అనకుండా ఆగిపోయింది. పొగగొట్టం కాల్ అప్పుడు వచ్చి ఉంటుంది.

ఆ నిమిషం తనకి గుర్తే లేదు. ఐలీ ముక్కు చీదుకుంటోంది. లోర్నా వీడియో కింద జనం రాసినవి వేలితో పైకి జరిపింది. అందరికంటే ఎక్కువమంది మెచ్చుకున్న మాట అన్నిటికన్నా పైన ఉంది: మనిషి వెళ్ళిపోయినా లెక్క ఆపలేదు, ఇది మనిషి కాదు, మెషిను. దాని పక్కన ఎర్రటి గుండె బొమ్మ. అది బ్రిటా పెట్టింది.

"పోనీలే వదినా," అని ఐలీ ఫోను లాక్కోబోయింది. లోర్నా ఇవ్వలేదు. వీడియోని కొంచెం వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. చెవి దగ్గర పెట్టుకుంది. పనిలో అవతల ఏ చిన్న చప్పుడు వినిపించినా పట్టేసే చెవులవి. ఖాళీ గదిలోని ఒకటి, రెండు, మూడు, నాలుగు వెనకాల, రికార్డింగులో కాదు, బ్రిటా కూర్చున్న గదిలో, ఎక్కడో దూరంగా ఒక చిన్న గొంతు ఉంది.

"అమ్మమ్మ లెక్కపెడుతోంది," అంటోంది ఆ గొంతు. తర్వాత నేల మీద చిన్న పాదాలు పరిగెత్తిన చప్పుడు వచ్చింది. ఇందాక తెర మీద బ్రిటా తల తిప్పనే లేదు. నలభై వేలమందిలో ఒక్కరూ దాని గురించి రాయలేదు.

"ఏం వింటున్నావు వదినా?"

"తలుపు వెనక దాక్కుంటుంది అది," అంది లోర్నా. "ఎప్పుడూ అక్కడే."

వీడియో ఇంకా మూడు నిమిషాలుంది. ఆ మూడు నిమిషాలూ లోర్నా చెవి తియ్యకుండా విన్నది. పిల్లని వెతకడానికి ఎవరూ లేచిన చప్పుడు రాలేదు.